పెంటయ్యకు గ్రీకులో అర్థం

నెత్తురు సారు

ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు మొట్టమొదట చెప్పాల్సింది జీతం గురించి కాదు. మిమ్మల్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో పని చేసినంత కాలం నా పేరు "నెత్తురు సారు". పెళ్ళి పత్రికల మీద కూడా అదే రాసి ఇచ్చేవాళ్ళు. బస్టాండులో నేను కనబడితే చంటిపిల్లలు చేతులు వెనక్కు దాచుకునేవాళ్ళు. దొంగను చూసినా వాళ్ళు అంత జాగ్రత్త పడరు.

రెండో సంగతి. మీరిచ్చే రిపోర్టును జనం చదవరు, ఇచ్చేటప్పుడు మీ ముఖాన్ని చదువుతారు. పంటి నొప్పితో ముఖం ముడుచుకుని రిపోర్టు ఇస్తే ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. అందుకని నేను ఏ ముఖమూ లేని ముఖం ఒకటి తయారు చేసుకున్నాను. పదవీ విరమణ అయ్యాక కూడా అది పోలేదని మా ఆవిడ ఫిర్యాదు.

మూడోది నా గొప్ప, చెప్పుకోనివ్వండి. మధ్యాహ్నం పని తెమిలాక శాఖా గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. మిగతావాళ్ళు పేపర్ల కోసం, ఫ్యాను గాలి కోసం వచ్చేవాళ్ళు. లావు పుస్తకాల బీరువా తాళం మాత్రం నా ఒక్కడి కోసమే తీసేవాళ్ళు. విజ్ఞాన సర్వస్వాన్ని సంపుటం తర్వాత సంపుటం చదివాను. ఒక్క "ర" ఉన్న సంపుటాన్ని చెదలు తినేశాయి. రక్తం గురించి ఉద్యోగంలో నేర్చుకున్నాను కాబట్టి ఆ లోటు కనబడలేదు. రోగనిరోధక శక్తి కూడా "ర"తోనే మొదలవుతుందని అప్పుడు నాకు తట్టలేదు.

తాకత్

మా సూపరింటెండెంటును అందరూ పెద్దసారు అనేవాళ్ళు. ఆయన దగ్గర ఒకే ఒక రోగ నిర్ధారణ ఉండేది. నాడి పట్టుకుని, నాలుక చూసి, "తాకత్ లేదు" అనేవాడు. తాకత్ అంటే బలం. ముసలివాళ్ళకు తాకత్ లేదు, బాలింతలకు తాకత్ లేదు, పరీక్ష తప్పిన పిల్లలకు తాకత్ లేదు. దానికి గులాబి రంగు టానిక్ ఒకటి ఉండేది. రుచి బాగుంటుంది. నేనూ తాగాను.

ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున గేటు తీసేసరికి చెట్ల కింద దాకా జనం కూర్చుని ఉండే చోట, ఒక్క మాటలో సరిపెట్టే జబ్బు లేకపోతే ఏ డాక్టరూ మధ్యాహ్నం అన్నం తినలేడు. ఆ మాటలోని సుగుణం ఏమిటంటే, అది తప్పని ఎవరూ నిరూపించలేరు. కోలుకుంటే తాకత్ వచ్చింది. కోలుకోకపోతే ఇంకా రాలేదు.

అవి హైదరాబాదు మా వైపు నడుచుకుంటూ వస్తున్న రోజులు. రింగు రోడ్డు పడుతుందన్న మాట పుట్టగానే శేరిగూడ దాకా జొన్న చేలలో ప్లాట్ల హద్దులుగా తెల్ల సున్నపు గీతలు మొలిచాయి. నిన్నటి దాకా నడుమునొప్పికి వేడి ఇటుక పెట్టుకున్నవాడు ఇవాళ "మొత్తం బాడీ చూడుండ్రి" అంటూ వచ్చేవాడు. బాడీలో ఏమీ లేదంటే చిన్నబుచ్చుకునేవాడు. భూమికి అంత ధర పలికితే ఒంట్లో ఒక్క ఖరీదైన రోగమైనా ఉండకూడదా అన్నట్టు ఉండేది వాళ్ళ బాధ. హయత్‌నగర్ నుంచి మా ఊరి దాకా వరసగా ప్రైవేటు ల్యాబులు వెలిశాయి. ఎవరినీ ఉత్త చేతులతో పంపకపోవడం వాటి మర్యాద. జ్వరమని వెళితే టైఫాయిడ్ తప్పకుండా ఇచ్చి పంపేవాళ్ళు.

విరగని పాలు

అప్పుడే లలిత తన కొడుకును ఎత్తుకుని మా దవాఖానకు రావడం మొదలైంది. పిల్లవాడి పేరు రిత్విక్ తేజస్. పేరులో బలం చాలలేదని సంఖ్యాశాస్త్రం చెప్పేవాడొకడు ఇంగ్లీషులో ఇంకో అక్షరం కలిపాడట. పేరు బలిసింది. పిల్లవాడు బలవలేదు.

పుట్టినప్పుడు బొద్దుగానే ఉన్నాడు. పాకడం నేర్చిన దగ్గర్నుంచి మొదలు. చెవి నుంచి చీము, అది మానితే ఒంటి మీద గడ్డలు, అవి మానితే ఊపిరితిత్తుల్లో నెమ్ము. మందు వేస్తే తగ్గేది, మళ్ళీ వచ్చేది. పిల్లలందరికీ జ్వరాలు వస్తాయి. వీడి దగ్గరికి వచ్చిన జ్వరం మాత్రం మంచం వేసుకుని కూర్చునేది. తండ్రి వేలంలో లక్షలు పలికే బాలాపూర్ గణపతి లడ్డూ ముక్క సంపాదించి తినిపించాడు. లలిత ఆడపడుచు రోగనిరోధక శక్తి పెంచే పొడి డబ్బా ఒకటి అమ్మింది, డబ్బాతో పాటు తనూ ఏజెంటుగా చేరమని లలితను పోరింది. పెద్దసారు నాలుక చూసి తాకత్ లేదన్నాడు. నలుగురూ ఒకే మాట నాలుగు రకాలుగా చెప్పారు.

నా వంతు వైడాల్ పరీక్ష. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. రోగి రక్తంలోని పసుపు నీటిని ఒక చుక్క గాజు పలక మీద వేసి, టైఫాయిడ్ మందు చుక్క కలిపి, పలకను అటూ ఇటూ ఊపుతాం. ఆ రోగాన్ని ఒంట్లోని సైన్యం ఎప్పుడైనా చూసి ఉంటే చుక్క పాలు విరిగినట్టు విరుగుతుంది. మా ప్రాంతంలో ఎవరి చుక్క తీసుకున్నా కాస్తయినా విరిగేది. మనం తాగిన నీళ్ళు అలాంటివి.

రిత్విక్ చుక్క విరగలేదు. కాస్తయినా కాదు. అద్దంలా నిలిచింది. మళ్ళీ జ్వరం వచ్చినప్పుడు చూశాను, అంతే. బయటి ల్యాబులో మాత్రం అదే పిల్లవాడికి టైఫాయిడ్ గట్టిగా ఉందని తేలింది. పెద్దసారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"నీ మందు పాడైంది," అన్నాడు.

నాకూ అదే అనిపించింది. మందు పంపిన కంపెనీకి నాకు చేతనైన మంచి ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాను. వాళ్ళు క్షమాపణ చెప్పి కొత్త సీసా పంపారు. కొత్త సీసాలోనూ వాడి చుక్క విరగలేదు. కంపెనీ అంతటా కల్తీ చేస్తోందని నిశ్చయించుకున్నాను. ఆ చుక్క ఏదో చెబుతోందని నాకు గానీ పెద్దసారుకు గానీ తోచలేదు. ఉన్నది కనబడితేనే రిపోర్టు అనుకునే పద్ధతిలో పెరిగాం. ఉండాల్సింది లేకపోవడం కూడా రిపోర్టేనని మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

ఐదు నక్షత్రాల బోర్డు

లలితకు ఒక తమ్ముడు. పేరు పెంటయ్య. ఉన్న పొలంలో కొంత అమ్మి, మిగతాది ప్లాట్లు చేసి వ్యాపారంలో దిగాడు. ఒకరోజు షుగర్ పరీక్షకు వచ్చి నా దగ్గర కూర్చుండిపోయాడు. సిటీ వాళ్ళు ప్లాటు చూడటానికి వచ్చి, పేరు వినగానే ముసిముసిగా నవ్వుతున్నారట.

"సారు, నువ్వు లావు లావు పుస్తకాలు సదువుతవు గద. నా పేరుకు జర ఏదన్న మంచి అర్థం ఉంటే చూడు."

నా జీవితంలో గ్రంథాలయం పని కోసం నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషి. "ప" సంపుటం చెదలు తినలేదు. గ్రీకు భాషలో పెంటా అంటే ఐదు అని చెప్పాను. ఐదు కోణాల ఆకారాన్ని ఇంగ్లీషులో పెంటగాన్ అంటారన్నాను. వారం తిరగకముందే సాగర్ రోడ్డు మీద పెద్ద బోర్డు లేచింది. "పెంటా ఎస్టేట్స్", కింద ఐదు నక్షత్రాలు. ఐదు వసతులట: రోడ్డు, నీళ్ళు, కరెంటు, పార్కు, గుడి. రోడ్డు ఒక్కటే ఉండేది, అదీ సున్నంతో గీసింది. అయినా ఎవరూ నవ్వలేదు. ప్లాట్లు అమ్ముడుపోయాయి. నేను ఆ బోర్డు పక్కనుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా కాస్త నిటారుగా కూర్చునేవాణ్ణి.

గిరీకు గాదు బిడ్డా

ఆ వానాకాలం రిత్విక్‌ను మళ్ళీ నెమ్ముతో మా దవాఖానలో చేర్చారు. ఈసారి పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. సిటీకి తీసుకువెళ్ళాలా వద్దా అన్న దశ. దారిలోనే పోతాడేమోనన్న భయం అందరి ముఖాల్లోనూ ఉంది, నా ముఖంలో తప్ప. నా ముఖం సంగతి ముందే చెప్పాను.

అప్పుడే మాకు కొత్తగా డాక్టర్ సుమేధ వచ్చింది. సిటీ పిల్ల. పెంట అంటే ఏమిటో తెలియనంత శుభ్రంగా పెరిగింది. రావడంతోనే ఆ పిల్లవాడి తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగింది. మీ ఇంట్లో చిన్నతనంలోనే చనిపోయిన పిల్లలు ఉన్నారా అని కూడా అడిగింది.

తండ్రి వెంటనే, మా వంశంలో అట్లాంటిది లేదని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు కాస్త ఛాతీ కూడా విరిచాడు. లలిత లేదన్నట్టు తల ఊపింది. ఆమె అబద్ధం చెప్పలేదు. పెళ్ళయిన ఆడమనిషిని మీ ఇంట్లో అని అడిగితే అత్తగారి ఇల్లు గురించే చెబుతుంది. పుట్టిల్లు ఆమె ఇల్లు కాదని మనమే నేర్పాం. పైగా చావు బతుకుల్లో ఉన్న బిడ్డ పక్కన కూర్చుని పోయిన పిల్లల పేర్లు ఎవరు ఎత్తుతారు? డాక్టరు పెన్ను మూసేసింది.

మర్నాడు పొద్దున రక్తం తీయడానికి వార్డుకు వెళ్ళాను. లలిత తల్లి సత్తెమ్మ వచ్చి ఉంది. ముదురు ఆకుపచ్చ చీర, చేతికి పచ్చబొట్టు. మనుమడి తల నిమురుతూ మెల్లగా ఏదో గొణుగుతోంది.

"లే నా పెంటన్నా. లేసి కూసో నా తండ్రీ."

లలిత విసుక్కుంది. "అమ్మా, ఆ పేరు పెట్టి పిలువకని ఎన్నిసార్లు చెప్పాలె? తమ్ముని పేరే సగం కోసి బోర్డు మీద పెట్టిచ్చుకున్నం. మళ్ళ వీనికి అంటిస్తున్నవా?"

డాక్టర్ సుమేధ స్టెతస్కోపు చెవుల్లోంచి తీసింది. పెంటన్న అంటే ఏమిటని అడిగింది. అక్కడ చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి నేనే జవాబు చెప్పాను. గ్రీకులో ఐదు మేడమ్ అన్నాను.

సత్తెమ్మ నన్ను జాలిగా చూసింది.

"గిరీకు గాదు బిడ్డా," అన్నది డాక్టరుతో. "పెంట. ఊరి పెంట. చెత్త ఏస్తరు చూడు, గది."

"పిల్లవాడికి ఆ పేరెందుకు పెడతారమ్మా?"

"నిలవనీకి."

తర్వాత ఆమె చెప్పింది. ఆమెకు మొదట ఇద్దరు మగపిల్లలు. ఇద్దరూ పుట్టినప్పుడు బొద్దుగానే ఉన్నారు. ఇద్దరూ పాకే వయసు దాటాక చెవుల్లో చీము, గడ్డలు, నెమ్ము. ఇద్దరూ పోయారు. మూడోది లలిత, ఆడపిల్ల, నిలిచింది. నాలుగో కాన్పులో మళ్ళీ మగపిల్లవాడు. పుట్టగానే చాటలో పెట్టి పెంట మీద వేశారు. ఊరు ఊడ్చే ఆమె పోతూ పోతూ దొరికినట్టు ఎత్తుకుపోయింది. సత్తెమ్మ చాటెడు తవుడు ఇచ్చి తన కొడుకును తానే కొనుక్కుంది. అందరూ వద్దని పారేసిన బిడ్డ అనుకుని మృత్యువు కూడా పట్టించుకోదని నమ్మకం. పేరు పెంటయ్య.

"పెంట మీద ఏసినంకనే నిలిచిండు," అన్నది సత్తెమ్మ. "వీనికి గూడ ఏద్దమంటె వినలే. రుత్తికి అని పెట్టిండ్రు. అది పిలవనీకే నోరు తిరగదు, యముని నోరెట్ల తిరుగుతది అనుకున్నరు కావచ్చు."

నేను ఆ ఊళ్ళో ఎంతమంది పెంటయ్యల రక్తం తీసి ఉంటానో. ప్రతి పెంటయ్య వెనుకా పోయిన పిల్లలు నిలబడి ఉంటారని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసే గ్రీకు దాకా వెళ్ళొచ్చాను. పరాయిది కాబట్టి డాక్టరు అడిగింది. మనవాణ్ణి కాబట్టి నేను అడగలేదు.

సత్తెమ్మ అక్కకు కూడా ఒక కొడుకు అట్లాగే పోయాడని తేలింది. డాక్టరు వేళ్ళ మీద లెక్క పెట్టింది. పోయింది అందరూ మగపిల్లలే, అందరూ తల్లి వైపు వాళ్ళే, అందరూ పాకే వయసు దాటాకే. ఆమె టార్చి తీసి పిల్లవాడి నోరు తెరిపించింది. నన్ను పిలిచి చూపించింది. గొంతుకు రెండు వైపులా ఉండాల్సిన టాన్సిల్స్ లేవు. పీకేసిన చోటులా కూడా లేదు. అసలు మొలవలేదు. అన్ని నాలుకలు చూసిన మా పెద్దసారు నాలుక వెనకాలకు ఎన్నడూ పోలేదు.

"వైడాల్ ఎప్పుడైనా చేశారా?" అని డాక్టరు నన్ను అడిగింది.

కంపెనీ మీద నా ఫిర్యాదు గురించి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ పరీక్ష రోగాన్ని చూడదు, రోగం మీద ఒళ్ళు తయారు చేసుకున్న ప్రతిరక్షకాలను చూస్తుంది, ఈ పిల్లవాడి ఒంటికి వాటిని తయారు చేయడమే రాదు, అందుకే చుక్క విరగలేదు అని చెప్పింది. కొన్ని నెలల దాకా కడుపులో ఉన్నప్పుడు తల్లి ఇచ్చినవి కాపాడతాయి. అవి అయిపోయాక కోటకు తలుపులు ఉండవు. తల్లి నుంచి కొడుకులకు వచ్చే లోపం. కొడుకుల్లో అందరికీ రాదు, బొమ్మా బొరుసూ పడినట్టు. పెంటయ్యకు బొమ్మ పడింది.

లలిత ఒక్కటే మాట అడిగింది. "అంటే నా కాడి నుంచే వచ్చిందా?"

డాక్టరు కంటే ముందు సత్తెమ్మ అందుకుంది. "నా కాడి నుంచి వచ్చింది. నాకు మా అవ్వ కాడి నుంచి. నువ్వు మధ్యల ఉన్నవు, అంతే. జర నీళ్ళు తాగు."

పిల్లవాణ్ణి ఆక్సిజన్ పెట్టి సిటీలోని పెద్ద దవాఖానకు పంపాం. దారిలో పోలేదు. అక్కడి పరీక్షల్లో డాక్టర్ సుమేధ చెప్పిందే తేలింది. పెద్దసారుకు ఈ సంగతి చెబితే, "నేను మొదలే అన్న గద, తాకత్ లేదని," అన్నాడు. ఆయన అన్నది తప్పని అప్పుడు కూడా ఎవరూ నిరూపించలేకపోయారు.

పెంటయ్యలు లేని ఊరు

నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు చెప్పేది ఇదే. మీ కాలంలో ఇంత సుళువు ఉండదు. ఇప్పుడు ఊళ్ళో పెంటయ్యలు పుట్టడం లేదు. ఆ పేరు పెట్టాల్సిన అవసరం తగ్గింది, అది మంచిదే. పెట్టడానికి సిగ్గు కూడా పెరిగింది. పోయిన పిల్లలకు ఊరు ఉంచిన గుర్తు ఆ ఒక్క పేరే. అది కూడా పోయింది. ఇప్పుడు అందరి పేర్లూ ఒకే మూసలో ఉంటాయి, దేని వెనుకా ఏమీ కనబడదు. కాబట్టి మీరే అడగాలి. మీ వంశంలో అని అడగకండి, మగవాళ్ళు ఛాతీ విరుస్తారు. మీ అమ్మ ఎంతమందిని కన్నది, మీ అమ్మమ్మ ఎంతమందిని కన్నది అని ఆడవాళ్ళనే అడగండి. అడిగాక కాసేపు నోరు మూసుకుని ఉండండి. నాకు కష్టమైంది ఆ చివరిదే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. రిత్విక్‌కు వైద్యం దొరకడానికి సుమేధ తెలివి ఎంత కారణమో, సున్నపు గీతలు కూడా అంతే కారణం. ప్రతిరక్షకాలు ఒంట్లో తయారుకాని వాడికి వాటిని బయటి నుంచి నెల నెలా ఎక్కించాలి, బతికినంత కాలం. ఆ మందు ఖరీదుకు ఆ రోజుల్లో పెంటయ్య ప్లాట్లు ఒకదాని వెనుక ఒకటి కరిగిపోయాయి. అదే లోపంతో కూలీ ఇంట్లో పుట్టిన పిల్లవాణ్ణి కూడా నేను తప్పకుండా చూసే ఉంటాను. వాడి చుక్క కూడా విరగక నిలిచే ఉంటుంది. అప్పుడు కూడా నేను కంపెనీనే తిట్టుకుని ఉంటాను.

ఎవరి నెత్తురు

మొదటిసారి ఆ మందు ఎక్కించినప్పుడు నేనూ సిటీకి వెళ్ళాను. పుస్తకాల మనిషి పక్కన ఉంటే మంచిదని లలిత అడిగింది. డాక్టర్ సుమేధ కూడా సెలవు పెట్టి వచ్చింది. పెంటయ్య తన కొత్త కారులో అందరినీ తీసుకువెళ్ళాడు. మందు చిన్న గాజు సీసాలో నీళ్ళలా ఉంది. అంత ఖరీదైనదానికి రంగు కూడా లేదని పెంటయ్య నిరాశ పడ్డాడు. దీన్ని దేనితో చేస్తారని అడిగాడు. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి ఆ పసుపు నీటిని వేరు చేసి, అన్నీ ఒకటిగా కలిపి, అందులోంచి తీస్తారని డాక్టరు చెప్పింది.

పెంటయ్య ముఖం మారింది. గొంతు తగ్గించాడు.

"డాక్టరమ్మా, ఎవలెవలదో ఎందుకు. పైసలు పోతే పోయినయి. మనోళ్ళ నెత్తురుతోటే సపరేటుగ చేపియ్యరాదా? మనోళ్ళు ఊళ్ళల్ల మస్తుమంది ఉన్నరు."

మనోళ్ళు అంటే ఎవరో సిటీ పిల్లకు కూడా అర్థమైంది. ఆమె కోప్పడలేదు.

"చేయించవచ్చు. మీ వాళ్ళకు ఏ రోగాలు వచ్చి తగ్గాయో వాటికి పని చేస్తుంది. మీ వాళ్ళకు ఎప్పుడూ రానివి ఉంటాయి కదా, మురికి నీళ్ళ దగ్గర, పెంట కుప్పల దగ్గర పనిచేసేవాళ్ళకు వచ్చేవి. వాటికి ఏం చేద్దాం?"

పెంటయ్య నా వైపు చూశాడు, ఏదైనా సంపుటంలో దీనికి ఇంకో దారి ఉంటుందేమోనని. నేను నా మామూలు ముఖం పెట్టాను.

సీసా ఖాళీ అవుతోంది. చుక్క చుక్క గొట్టంలోకి దిగుతోంది. రిత్విక్ నిద్రపోయాడు. ఇప్పుడు వాడు శేరిగూడలో ఇంజినీరింగు చదువుతున్నాడు, నెలకోసారి క్లాసు ఎగ్గొట్టడానికి డాక్టరు చీటీ ఉన్న ఏకైక విద్యార్థి. ఆ రోజు మాత్రం వాడి చెయ్యి నా బొటనవేలంత ఉంది.

సత్తెమ్మ అంతసేపూ చుక్కలు చూస్తూ కూర్చుంది. ఆమెకు మొత్తం అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. కొడుకు వైపు తిరిగింది.

"ఏందిరా మనోళ్ళు? నిన్ను పెంట మీద ఏసిననాడు ఎత్తుకున్నామె మనోళ్ళల్ల ఆమెనా?" అన్నది. "అప్పుడు చాటెడు తవుడిచ్చి ఒక్క ఆమె దగ్గర కొనుక్కున్న. ఇప్పుడు వీన్ని ఊరోళ్ళందరి దగ్గర కొనుక్కుంటున్నం. అంతే గద డాక్టరమ్మా?"

డాక్టర్ సుమేధ అంతేనమ్మా అన్నది.